చెంగల్రాయుడి నాలుగో ఆట

రెండువేల డెబ్బై నాలుగు, జూలై నెల. మదనపల్లెలో ఒక ఇంట్లో పొద్దున్నే పాలు పొంగిపోయాయి. పాలు పొంగడం ఎప్పటినుంచో ఉన్నదే. కొత్తదల్లా, ఆ తర్వాత మొగుడూపెళ్లాల మధ్య జరగాల్సిన తగువుకు ఇప్పుడు ఆయుష్షు లేకపోవడం.

"ఆపాలనే అనుకున్నా మేదినీ. స్టవ్వే ఆగలేదు, నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఓబులేసు, గుడ్డతో గట్టు తుడుస్తూ.

గోడలోంచి లేఖరి మర్యాదగా అడ్డు తగిలింది. "క్షమించాలి. ఆరూ నలభై నుంచి ఆరూ యాభై దాకా స్టవ్ ఆపాలన్న సంకల్పం మీలో ఒక్కసారి కూడా పుట్టలేదు. క్రికెట్ స్కోరు చూడాలన్న సంకల్పం మాత్రం తొమ్మిదిసార్లు పుట్టింది."

ఓబులేసు గుడ్డ పిండి, ఇంకో గిన్నెలో పాలు పోశాడు. మామూలు రోజైతే మేదిని నవ్వి ఊరుకునేది. ఆ రోజు ఆమెకు నవ్వు రాలేదు. ఆమె బుర్రలో ఒక మేకపిల్ల పదే పదే లోయలో పడుతోంది.

మనిషి వేలు కదపడానికి కాస్త ముందే, కదపాలన్న నిర్ణయం మెదడులో తయారవుతుంది. ఆ తయారీలో సన్నటి విద్యుత్ అలజడి ఒకటి పుడుతుంది. దాన్ని శాస్త్రవేత్తలు సంకల్ప సంకేతం అన్నారు, ఇంగ్లీషులో ఇంటెంట్ సిగ్నల్. చెవి వెనక అంటించుకునే సంకల్ప పట్టీ ఆ అలజడిని పట్టుకుని, వేలు కదిలేలోపే పని జరిపించేస్తుంది. తలుపు తెరవాలనుకుంటే తెరుచుకుంటుంది, ఫ్యాను తిరగాలనుకుంటే తిరుగుతుంది. పట్టీకి అందిన ప్రతి సంకల్పాన్నీ సమయంతో సహా రాసిపెట్టే కృత్రిమ మేధ పేరు లేఖరి.

పట్టీ వచ్చి పాతికేళ్లయింది. స్విచ్చులు పోయాయి, మీటలు పోయాయి, గోడలు నున్నగా మిగిలాయి. వాటితోపాటే 'స్విచ్ పాడైంది', 'బెల్ మోగలేదు', 'నొక్కాను కానీ ఫోన్ పోలేదు' లాంటి మాటలు కూడా జనం నోళ్లలోంచి జారిపోయాయి. ఆ మాటలు పోయినందుకు ఎవరూ బాధపడినట్టు లేదు. అవి ఎంత పనికొచ్చే మాటలో అప్పటికి ఎవరికీ తెలియదు.

మేదిని ఆటల శిల్పి. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, ఊరి చివర కొండమిట్ట ఆటల శాలలో పెద్ద. ఆమె ఆరేళ్లుగా చేస్తున్న ఆట పేరు 'చెంగల్రాయుడు - నాలుగు'.

మొదటి చెంగల్రాయుడు రెండువేల ఇరవై తొమ్మిదిలో పుట్టాడు. మునిచలపతి అనే ఆయన ఈ మదనపల్లెలోనే, ఒంటి గదిలో కూర్చుని చేసిన ఆట అది. ఒక నల్ల మేకపిల్ల బండ మీంచి బండ మీదికి దూకుతూ కొండకొమ్మున ఉన్న పచ్చికను చేరుకోవాలి. కథ అంతే. దూకడం తప్ప వాడికి ఇంకో విద్య రాదు. ఆ దూకుడు మీదే మునిచలపతి ప్రాణం పెట్టాడు. ఒక్కో కొండ పూర్తి కాగానే వీధిలోని ఏడుగురు పిల్లల్ని పిలిచి ఆడించేవాడు. ఆడాక బాగుందన్నవాళ్లు చెయ్యెత్తాలి. ఏడు చేతులూ లేస్తేనే ఆ కొండ ఆటలో ఉంటుంది. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ కొండను తుడిచేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. అట్లా మూడు ఆటలు చేశాడు. మూడూ తెలుగువాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఆడారు.

తొమ్మిదేళ్ల కిందట పోతూ పోతూ ఆయన ఒక పత్రం రాసిపెట్టాడు. చెంగల్రాయుడితో ఎవరైనా కొత్త ఆట చేయవచ్చు. కానీ ఆ ఏడుగురూ చేతులెత్తితేనే దానికి ఆ పేరు. అందుకు మూడు అవకాశాలు. మూడోసారీ చేతులు లేవకపోతే మేకపిల్లకు శాశ్వతంగా సెలవు, ఇక ఎవరూ వాడి జోలికి పోకూడదు.

ఆ పిల్లలు ఇప్పుడు యాభై అయిదు, యాభై ఆరేళ్ల పెద్దలు. మొదటిసారి పరీక్షకు పెడితే నాలుగు చేతులే లేచాయి. కొండలు మరీ ఎక్కువయ్యాయి, దూకుడు కుదరలేదన్నారు. నిజమే అనుకుని మేదిని మళ్లీ కూర్చుంది. పాత ఆటను ముక్కముక్కలుగా కొలిచింది. ఎంత ఎత్తు దూకుతాడు, గాల్లో ఎంతసేపు ఉంటాడు, దిగేటప్పుడు మోకాళ్లు ఎంత వంగుతాయి, అన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా దించింది. పోయిన నెల రెండో పరీక్ష. ఈసారి ఒక్క చెయ్యీ లేవలేదు.

అందరిలోకీ పెద్దదైన రెడ్డెమ్మ పట్టీ తీసి బల్ల మీద పెట్టి, కొంచెం నొచ్చుకుంటూనే చెప్పింది. "కండ్లకు బో సొగసుగా ఉండాది పాపా. దూకేది కూడా మా చెంగల్రాయుడు దూకినట్టే దూకతాడు. అయినా రెండు కొండలు ఎక్కేసరికి నాకు ఇంటికి పోవాలనిపించె. ఎందుకని అడగొద్దు. నాకే తెలీదు."

ఎందుకో తెలిస్తే సరిచేయవచ్చు. తెలియకపోతే ఏం చేయాలి? మిగిలింది ఒకే ఒక్క అవకాశం, గడువు ఆగస్టు పదకొండు. తన చిన్నతనమంతా ఎవడి వెంట గెంతిందో ఆ చెంగల్రాయుడు తన చేతుల్లోనే మూతపడతాడేమోనని మేదినికి అన్నం సహించడం లేదు.

*

ఆటల శాలలో కరీముల్లా అప్పటికే తెర ముందు కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల ఇంజనీరు. సంకల్ప పట్టీని ఆటలకు సరిపడేట్టు తీర్చిదిద్దింది ఆయనే. నిర్ణయానికీ పనికీ మధ్య జరిగే ఆలస్యాన్ని విలంబం అంటారు, అంటే లేటెన్సీ. పన్నెండేళ్లు పోరాడి కరీముల్లా ఆ విలంబాన్ని సున్నాకు తెచ్చాడు. దూకాలని మనసు అనుకున్న క్షణమే చెంగల్రాయుడి కాళ్లు నేల విడుస్తాయి. లోకంలో ఏ ఆటలోనూ ఆ మాట చెప్పుకోవడానికి లేదు.

"వాళ్లకు వయసైపోయింది మేదినీ," అన్నాడు. "చిన్నప్పుడు తిన్న జామకాయ ఇప్పుడు తింటే అదే రుచి ఉంటుందా? ఎవరేం చేసినా పాతదే గొప్ప అంటారు. మన తప్పేం లేదు."

"అదే నిజమైతే పిల్లలకు నచ్చాలి కదన్నా?"

ఆ రోజే ఒక బడి నుంచి పన్నెండేళ్ల పిల్లలు ఇరవై మంది ఆడి చూడ్డానికి వచ్చారు. పాత ఆటల పేరు కూడా వాళ్లకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ పట్టీలతో పెరిగినవాళ్లు. మొదట కేకలు పెట్టుకుంటూ ఆడారు. పావుగంట గడిచేసరికి గొంతులు తగ్గాయి. అరగంటకు గది నిశ్శబ్దమైపోయింది. ఒక పిల్ల ఏడోసారి పడ్డాక మెల్లగా పట్టీ ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది.

మేదిని ఆమె పక్కన కూర్చుంది. "ఏం తల్లీ, ఆట బాలేదా?"

"ఆట బాగానే ఉంది ఆంటీ. నాకే రాదు," అంది పిల్ల, తల దించుకుని.

మిగతావాళ్లనూ అడిగింది. అందరిదీ అదే మాట. నాకు రాదు. నేను సరిగ్గా ఆడలేను. ఒక్కరు కూడా ఆటను తిట్టలేదు. ఆటను తిట్టని పిల్లల్ని చూస్తే మేదినికి ఎందుకో భయం వేసింది.

"లేఖరీ, వీళ్ల ఉల్లాస రేఖలు చూపించు," అంది. పట్టీ సంకల్పంతోపాటు మనసు హుషారును కూడా కొలిచి గీత గీస్తుంది. దాన్నే ఉల్లాస రేఖ అంటారు.

"ప్రతి పతనం దగ్గరా రేఖ దిగుతోంది," అంది లేఖరి. "దిగిన రేఖ తిరిగి లేవడం లేదు. రెండో పతనానికి ఇంకొంచెం దిగుతోంది. అయిదారు పతనాలకు అడుగంటుతోంది."

"పడితే ఎవరికైనా దిగులే కదా. మరి పాత ఆటలో జనం తక్కువ పడ్డారా?"

"పాత ఆట ఆడుతున్న మనిషి రేఖ, నాకు చూసే అనుమతి ఉన్న నమోదుల్లో ఒక్కటీ లేదు. అప్పటికి పట్టీలు లేవు."

మేదిని చటుక్కున లేచింది. పాత ఆట ఇప్పటికీ ఆడే మనిషి ఒకరు ఊళ్లోనే ఉన్నారు.

*

రెడ్డెమ్మ ఇంటి ముందు టమోటా నారు వరసలు వరసలుగా ఉంది. ఆమె నారు పెంచి రైతులకు ఇస్తుంది. మేదినిని చూడగానే మట్టి చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆరోజు అట్ల చెప్పినందుకు మనసులో పెట్టుకోలేదు కదా పాపా? నాకు రెండు దినాలు తిండి పోలేదు."

"నాకైతే ఇప్పటికీ పోవడం లేదత్తా," అంది మేదిని. "నువ్వు పాత ఆట ఆడతా ఉంటే ఒక్కసారి చూడాల. నీ పట్టీ నమోదు లేఖరి చూసేదానికి ఒప్పుకుంటావా?"

"నాకేం దాపరికం. చూసుకోండి."

ముందుగదిలో గుడ్డ కప్పిన పాత యంత్రం ఉంది. దానికి తీగతో వేలాడుతున్న రిమోట్, నడుము విరిగితే నల్ల టేపు చుట్టి నిలబెట్టినట్టు ఉంది. రెడ్డెమ్మ కింద చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తెర మీద నల్ల మేకపిల్ల చెవులు విదిలించాడు. మూడో కొండ దగ్గర రెడ్డెమ్మ మొదటిసారి పడింది.

"చూసినావా? చూసినావా పాపా? నేను నొక్కినా! ఇదే వినల్యా!" అంటూ రిమోట్‌ను మోకాలికి టపామని కొట్టింది. నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదింది. మళ్లీ మొదలుపెట్టింది.

మళ్లీ పడింది. "దీని దుంప తెగ! నలభై అయిదేండ్ల నుంచీ ఇదే కత. ఈ కుడిపక్క మీట ఉండాది చూడు, ఇది నాకు శత్రువు."

గంటసేపు అట్లాగే ఆడింది. పడటం, రిమోట్‌ను తిట్టడం, మోకాలికి కొట్టడం, మళ్లీ లేవడం. ఆమె మొహం వెలిగిపోతోంది. ఒకసారైతే అవతలి బండకు ఇంకా జానెడు దూరం ఉండగానే మేకపిల్ల లోయలోకి నడిచిపోయాడు, ఆమె దూకించడమే మరిచిపోయింది. అయినా రిమోట్‌కు దెబ్బలు తప్పలేదు. మేదిని మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, తెరను వదిలి ఆమె చేతుల్నే చూస్తూ కూర్చుంది.

బయటికి వచ్చి కారెక్కగానే అడిగింది. "లేఖరీ, ఆమె ఎన్నిసార్లు పడింది?"

"నలభై మూడుసార్లు."

"మీట ఎన్నిసార్లు మొరాయించింది?"

"ఒక్కసారీ లేదు. ఆ రిమోట్ చూడ్డానికే ముసలిది. ఆమె వేలు నొక్కిన ప్రతిసారీ పనిచేసింది. నలభై రెండుసార్లు ఆలస్యం ఆమె సంకల్పానిదే. ఒకసారి సంకల్పమే పుట్టలేదు."

"ఉల్లాస రేఖ?"

"పడగానే దిగింది. రిమోట్‌ను తిట్టగానే లేచింది. సగటున రెండు సెకన్లు పట్టింది. నలభై మూడో పతనం తర్వాత కూడా మొదటి పతనం ముందు ఎంత ఉందో అంతే ఉంది. ఈ రేఖకు కారణం నాకు అర్థం కావడం లేదు."

మేదినికి మాత్రం అర్థమైంది. అర్థమయ్యాక కారు కదపాలన్న సంకల్పం కూడా కలగక, అక్కడే కాసేపు కూర్చుండిపోయింది. పాత ఆటలో మనిషికీ మేకపిల్లకూ మధ్య ఒక రిమోట్ ఉండేది. పడితే అది పడేసింది. తమ ఆటలో మధ్య ఎవరూ లేరు. పడితే పడింది నువ్వే, ఆలస్యం నీదే, సాక్ష్యం చెవి వెనకే ఉంది. తాము ఆరేళ్లు కష్టపడి దూకుడును వెంట్రుకవాసి తేడా లేకుండా దించారు. తిట్టుకోవడానికి ఉన్న ఒక్క దిక్కునూ మాత్రం చెత్తబుట్టలో వేశారు.

*

"కుదరదు," అన్నాడు కరీముల్లా, మాట పూర్తిగా వినకుండానే. "పన్నెండేండ్లు తిండీ నిద్రా మానుకుని సున్నాకు తెచ్చినా. ఇప్పుడు మళ్లీ నా చేత్తోనే పట్టీలో తప్పు పెట్టాల్నా? మనిషి ఒకటి అనుకుంటే ఇంకోటి చేసే యంత్రాన్ని నేను చెయ్యను మేదినీ. కావాలంటే వేరేవాళ్లను చూసుకో."

"పట్టీలో తప్పు పెట్టమని ఎవరన్నారన్నా? తప్పు ఉండక్కర్లేదు. తప్పు మోసేది ఒకటుంటే చాలు."

కరీముల్లా కళ్లద్దాలు తీసి ఆమె వైపు చూశాడు.

"ఒక పెట్టె చెయ్యి," అంది మేదిని. "చేతిలో పట్టేంత. రెండు మీటలు, నొక్కితే టక్కుమనాల. ఆటతో దానికి సంబంధం ఉండకూడదు. ఆట అంతా నీ పట్టీయే ఆడిస్తాది, సున్నా విలంబంతో. పెట్టె ఊరికే చేతిలో ఉంటాది, అంతే."

"లోపల?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే మరీ తేలిగ్గా ఉంటాది. చేతికి ఆనదు," అన్నాడు కరీముల్లా, తనకు తెలియకుండానే ఇంజనీరైపోయి. "కొంచెం ఇసుక పోద్దాం."

రెండు వారాల్లో ఎనిమిది పెట్టెలు తయారయ్యాయి. ఎరుపు, పసుపు, నీలం, రంగురంగులవి. ఒక్కోదాంట్లో గుప్పెడు బాహుదా నది ఇసుక. మీటల టక్కు శబ్దం కోసం కరీముల్లా మూడు రకాల స్ప్రింగులు మార్చాడు. అంతా అయ్యాక ఒక మాట అన్నాడు. "వాళ్లకు మాత్రం చెప్పొద్దు. ఇదే కొత్త రిమోట్ అని ఇచ్చేద్దాం. ఇసుక అని తెలిస్తే ఇంక తిట్టుకునేదేముంది?"

మేదిని ఆ మాటకు ఒక రోజంతా జవాబు చెప్పలేదు. చెప్పకపోతే గెలుస్తారేమో. చెబితే ఉన్న ఒక్క అవకాశమూ పోతుందేమో. కానీ మునిచలపతి ఆ ఏడుగురినీ ఏనాడూ మోసం చేయలేదు. ఒక్క చెయ్యి లేవకపోతే నెలల పనిని తుడిచేసుకున్నాడే తప్ప, ఇది బాగుందిలే అని వాళ్లను మాయ చేయలేదు.

"చెప్పేస్తానన్నా," అంది మర్నాడు. "ఆయన పేరు పెట్టుకునేదానికి ఆయన పిల్లలకే అబద్ధం చెప్పలేను. పోతే పోనీ."

కరీముల్లా వాదించలేదు కానీ, ఆశ వదులుకున్నట్టు తల పంకించాడు.

*

ఆగస్టు పదకొండు పొద్దున పది గంటలకు ఏడుగురూ ఆటల శాల పెద్ద గదిలో కూర్చున్నారు. మేదిని పెట్టెలున్న బుట్ట తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. రాత్రంతా అద్దం ముందు చెప్పుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆట అంతా పట్టీయే ఆడిస్తాది," అంది ఎలాగో. "ఈ పెట్టెలు ఊరికే పట్టుకునేదానికి. వీటికీ ఆటకూ ఏ సంబంధం లేదు. లోపల ఇసుక తప్ప ఇంకేమీ లేదు. మీకు అబద్ధం చెప్పకూడదని ముందే చెప్తా ఉండా."

రెడ్డెమ్మ పసుపుపచ్చ పెట్టె తీసుకుని చెవి దగ్గర ఆడించింది. లోపల గరగరమంది.

"ఇసకా?" అని పకపకా నవ్వింది. "మీకేమన్నా తిక్కా పాపా? సరే కానీ, ఇటియ్యి. పోయినసారి చేతులు యాడ పెట్టుకోవాల్నో తెలీక చచ్చినా."

ఆట మొదలైంది. మొదటి కొండ సాఫీగా గడిచింది. రెండో కొండలో నాలుగో బండ దగ్గర రెడ్డెమ్మ ఆడిస్తున్న చెంగల్రాయుడు అంచుకు తగిలి లోయలోకి జారిపోయాడు.

మేదిని గోడకు ఆనుకుని ఆమె చేతుల్నే చూస్తోంది. పోయినసారి సరిగ్గా ఇక్కడే రెడ్డెమ్మ మొహం ముడుచుకుంది. ఇప్పుడామె తెర వైపు చూసింది. చేతిలోని పెట్టె వైపు చూసింది. బొటనవేలితో కుడి మీటను రెండుసార్లు టక్కుటక్కుమనిపించింది.

"ఈ మీట రొంత గట్టిగా ఉండాదే," అంది.

ఇంకోసారి పడింది. "నొక్కినా కదా! యాల దూకడు వీడు?" అని పెట్టెను మోకాలికి టపామని కొట్టింది. ఇసుక గరగరమంది. ఆమె మళ్లీ లేచింది.

అటుపక్క గుర్రప్ప అనే ఆయన తన నీలం పెట్టెను ఎగాదిగా చూస్తున్నాడు. ఏడుగురిలోకీ చిన్నవాడు, ఒకప్పుడు మునిచలపతి చేత మూడు కొండలు తుడిపించిన ఘనుడు. "ఓ రెడ్డెమ్మక్కా, నీది బాగా పనిచేస్తా ఉన్నట్టుండాది. నాది ఎడమపక్కకు వెనకాడతా ఉంది. మార్చుకుందామా?"

"నా దాని జోలికి రావద్దు. ఆ ఎర్రది తీసుకో పో."

పది నిమిషాల్లో గది సంతలా తయారైంది. పెట్టెలు చేతులు మారాయి. ఒకాయన ఉఫ్‌మని ఊదుతున్నాడు, ఇంకొకామె పెట్టెను బోర్లించి అడుగున తడుతోంది. గంట అనుకున్న పరీక్ష మూడు గంటలు నడిచింది. భోజనానికి రండి అని పిలిస్తే ఎవరూ కదల్లేదు. లేఖరి మేదిని చెవిలో సన్నగా చెప్పింది. "ఏడుగురి రేఖలూ లేస్తున్నాయి. పెట్టెలు ఖాళీవని వాళ్లకు తెలుసు. అయినా ఇట్లా ఎందుకు జరుగుతున్నదో వివరించగలరా?"

"నీకు చెప్పినా తెలీదులే," అంది మేదిని.

చివరికి రెడ్డెమ్మ ఆట ఆపి అందరి వైపూ తిరిగింది. "ఇంక చెప్పండప్పా. ఎత్తేవాళ్లు ఎత్తండి." అని ముందుగా తన చెయ్యి ఎత్తింది. ఒకటి, రెండు, నాలుగు, ఆరు. ఆరు దగ్గర ఆగింది. గుర్రప్ప రెండు చేతులూ పెట్టె మీదే ఉన్నాయి.

మేదిని లేచిన చేతుల్ని మళ్లీ లెక్కపెట్టింది.

"ఏందిరా గుర్రప్పా?" అంది రెడ్డెమ్మ.

"ఉండక్కా, అరవొద్దు. ఈ ఒక్క బండ దాటేసి ఎత్తుతా," అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. మరుక్షణం చెంగల్రాయుడు లోయలో ఉన్నాడు. "ఛ! ఈ ఎర్రది కాకుండా ఆ పసుపుది నా చేతిలో ఉంటేనా, ఎప్పుడో దాటుండేవాణ్ణి!" అంటూ, పెట్టె పట్టుకున్న చెయ్యే పైకెత్తాడు.

ఏడు చేతులు. మేదినికి నెత్తిన పాలు పోసినట్టయింది. అక్కడే కింద కూర్చుని, చెంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. రెడ్డెమ్మ వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"యాల ఏడుస్తావు పాపా, అయిపోయె కదా. మొదటిదానికంటే బాగుండాదా అంటే నేను చెప్పలేను. మొదటిది మొదటిదే. కానీ దాని పక్కన కూర్చోబెట్టొచ్చు వీణ్ణి. మా మునిచలపతన్న ఉండుంటే ఆయప్ప కూడా చెయ్యెత్తుండేవాడు."

"అత్తా, ఒక్క మాట చెప్పు. లోపల ఇసుకే అని నీకు తెలుసు కదా?"

"ఎందుకు తెలీదు? నువ్వే చెప్తివి కదా, ఆడిస్తే గరగరమంటానే ఉంది," అంది రెడ్డెమ్మ, పసుపు పెట్టెను కొంగులో మూటకట్టుకుంటూ. "అయినా ఆ కుడి మీట సరిగ్గా పనిచెయ్యల్యా. మీ కరీముల్లాకు చెప్పి బాగు చేయించు."

*

ఏడుగురూ వెళ్లిపోయాక గదిలో ఇద్దరే మిగిలారు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ వచ్చి బుట్ట మీద పడుతోంది. కరీముల్లా నమ్మలేనట్టు ఇంకా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

"నాకు అంతు పట్టడం లేదు మేదినీ. చదువుకున్నోళ్లు, పెద్దోళ్లు. ఇసుక అని చెప్పినా ఇసుకను తిడతా ఉండారు. మనిషి ఇంత వెర్రివాడని నాకు తెలీదు."

"నువ్వు ఒక్కసారి ఆడి చూడరాదా అన్నా? పన్నెండేండ్లుగా కొలవడమే కానీ ఆడింది ఎప్పుడూ చూడలేదు."

"నాకెందుకులే," అంటూనే ఆయన తెర ముందు కూర్చున్నాడు. బుట్టలోంచి పెట్టె ఒకటి తీసుకున్నాడు. అది తీసుకోవాల్సిన పని లేదని ఆయనకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. మొదటి కొండ ఎక్కాడు. రెండో కొండలో మూడో బండ దగ్గర పడ్డాడు. కళ్లద్దాలు సర్దుకున్నాడు. మళ్లీ అక్కడే పడ్డాడు. మూడోసారి కూడా అక్కడే.

లేఖరి మర్యాదగా మొదలుపెట్టింది. "మీ సంకల్పం సెకనులో..."

"నువ్వు ఊరుకో లేఖరీ," అంది మేదిని.

కరీముల్లా పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. మీటను నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, నాలుగు మరలూ విప్పి, మూత తెరిచాడు. లోపలి ఇసుక అంతా ఒక మూలకు చేరి ఉంది. దాన్ని చూపుడువేలితో జాగ్రత్తగా సమానంగా సర్ది, మూత బిగించి, మళ్లీ తెర వైపు తిరిగాడు.

"ఇప్పుడు బాగా పనిచేస్తాది, చూడు," అన్నాడు.